తీగపాకము

అరిసెలు వండుటలో చేయి తిరిగిన యే యిల్లాలును పాకము దింపుటకు గడియారమువంక చూడదు. కుతకుత నుడుకుచున్న బెల్లపునీటినుండి గరిటెతో నొక చుక్క తీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నద్ది, ఆ వ్రేళ్ళను మెల్లగా విడదీసి చూచును. వాని నడుమ తెగని సన్నని తీగ నిలిచినచో నది తీగపాకము. చుక్కను చన్నీళ్ళలో వేయగా కరగిపోక మెత్తని యుండయై చేతికి వచ్చినచో నది యుండపాకము. ఆ యుండ పళ్ళెముమీద పడి ఠంగుమన్నచో నది ముదురుపాకము. బూందీలడ్డునకు మొదటిదియు, అరిసెకు రెండవదియు, వేరుసెనగ అచ్చులకు మూడవదియు తగును. ఈ మూడు మాటలును వంటయింటి ముచ్చటలుగా తోచును గాని, విచారించినచో నివి మిక్కిలి ప్రాచీనమైన యొక పరిశ్రమకు కొలమానములు.

చెరకురసమును కాచి గట్టిపరచు విద్య మన దేశమున నెంత పూర్వమే వర్ధిల్లినదో కౌటిల్యుని యర్థశాస్త్రము తెలుపుచున్నది. కోష్ఠాగారమున నిలువయుంచదగిన ద్రవ్యములను వర్గీకరించుచు, ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యను నైదింటిని క్షారవర్గముగా నందు పేర్కొనిరి. ఆ పేళ్ళలోనే పదార్థముయొక్క స్వరూపము కనబడుచున్నది. ఫాణితము గరిటెనుండి బరువుగా జారెడి చిక్కని పానకము; గుడము మన బెల్లము; మత్స్యండిక చేపగ్రుడ్లవలె పలుకులు దేరినది; ఖండము తునుకలుగా విరుగునది; శర్కర యనగా గులకరాయి. ఐదింటిలో నొక్కటియు తీపినిబట్టి పేరు వడసినది కాదు; కంటికిని చేతికిని తోచిన రూపమే పేరయినది. శర్కర మనకు చక్కెరయై, పారసీకులును అరబ్బులును ఇచ్చిన రూపములతో ఐరోపా చేరినది. ఖండశబ్దమే ఆ త్రోవను పోయి ఇంగ్లీషువారి క్యాండీ యైనది.

పాకమను మాట వంటయింటిని దాటి కావ్యమీమాంసలోనికిని ప్రవేశించినది. కాకతీయ ప్రతాపరుద్రుని యాశ్రయమున ప్రతాపరుద్రీయమను నలంకారశాస్త్రమును రచించిన విద్యానాథుడు కవిత్వమునందు ద్రాక్షాపాకము, నారికేళపాకము అని భేదము చూపెను; తెలుగు పండితలోకమున వీని నడుమ కదళీపాకమును చెప్పుటయు పరిపాటి. అర్థము నోట కరగునా, నమలవలెనా, పగులగొట్టవలెనా యనునదియే యచటి పరీక్ష.

ఇక మన సీమ సంగతి. సామర్లకోటలో నుండి వృక్షములను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్, రాజమహేంద్రవరపు సర్కారునందు చెరకు పండించి చక్కెరయు బెల్లమును చేయు విధమునుగూర్చి 18వ శతాబ్ది చివర నొక వ్యాసము వ్రాయగా, దానిని అలెగ్జాండర్ డాల్రింపుల్ తన ఓరియెంటల్ రిపర్టరీలో ప్రకటించెను. గానుగ, పెనము, పొయ్యి, అచ్చు అను నాలుగింటితో నడచెడి ఈ పనిలో చెరకు పిప్పియే వంటచెరకగును. రసమునందు సున్నము వేసి, పైకి తేలిన మడ్డిని తీసివైచి, పాకము సుమారు 118 సెంటిగ్రేడు డిగ్రీలకు వచ్చువఱకు కాచి, దింపి, తెడ్డుతో కలియబెట్టి దిమ్మలుగా పోయుదురు. ఆ 118 అను సంఖ్య మాత్రము నేటిది. ఫారన్‌హీటు పాదరసముతో ఉష్ణమాపకమును నిర్మించిన 1714వ సంవత్సరమునకు ముందు దానిని చెప్పగలవా డెవడును లేడు. అయినను బెల్లము మాత్రము ఏటేటను సరిగనే గడ్డకట్టుచుండెను.

ఈ వృత్తిలో జిగట కొకచోట మిత్రత్వమును, మఱియొకచోట శత్రుత్వమును కలవు. ఉత్తర హిందూస్థానమున బెల్లము వండువారు బెండమొక్క కాడలను నలుగగొట్టి, నీట నానబెట్టి, పిసికి తీసిన బంకనీటిని కాగుచున్న రసములో పోయుదురు. వ్రేళ్ళనుండి దారములవలె సాగెడి ఆ బంక రసములోని మలినములను చుట్టుకొని, మడ్డిగా పైకి తెచ్చి, రసమును తేటపఱచును. శత్రువైన జిగట వేఱు. నరికిన చెరకును నిలువయుంచినచో సూక్ష్మజీవు లొకజాతివి చేరి, తీపిని హరించి, రసమును చీమిడివలె తీగలు సాగునట్లు చేయును. ఈ జీవికి లూకోనాస్టాక్ అని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాన్ టీఘెమ్ నామకరణము చేసెను. ఇది పచ్చి రసమునందే పుట్టెడి దొంగతీగ. పొయ్యిపై పుట్టవలసిన నిజమైన తీగను, గట్టిపడవలసిన దిమ్మను చెఱచునది. నరికిన చెరకును వెంటనే గానుగకెక్కించు రైతుల తొందర కీ జీవియు నొక కారణము.

కాలక్రమమున కొయ్యగానుగ పోయి ఇనుపగానుగ వచ్చినది. 1813లో ఇంగ్లండునందు హోవర్డు కనుగొన్న నిర్వాతపాత్ర చక్కెరను తక్కువ వేడిమితోనే వండు మార్గము చూపినది. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. అయినను కర్మాగారములలో ఆ పాత్రయొద్ద నిలిచెడి వంటగాండ్రు లోపలి పాకమును కొంచెము బయటికి తీసి, రెండు వ్రేళ్ళనడుమ తీగ సాగదీసి చూచు నలవాటును చిరకాలము విడువలేదు. ఇది ఛాందసము కాదు. ఉష్ణమాపకము పాకముయొక్క వేడిమిని మాత్రము చెప్పును. చౌటినేల చెరకును తీపినేల చెరకును, తాజా రసమును పులిసిన రసమును ఒకే వేడిమికి వచ్చినను ఒకే తీరున గట్టిపడవు. రసములోని లవణములును, విఱిగిన చక్కెరలును ఆ భేదమును కలిగించును. వ్రేళ్ళనడుమ తీగ యన్ననో, గట్టిపడుటకు పాకము సిద్ధముగా నున్నదా లేదా యనునదానినే నేరుగా చూపును. కనుక తీగపరీక్ష, యంత్రము లేని కాలమున గతిలేక పట్టుకొన్న యూతకోల గాదు. కావలసినదానినే కొలిచెడి కొలత.

తిరునాళ్ళలో జీళ్ళవాడు పాకమును మేకునకు తగిలించి, లాగి, మడచి, మరల లాగుచు, నల్లని ముద్దను తెల్లని త్రాడుగా చేయుచున్నప్పుడు పిల్లలు నోరు తెఱచి చూతురు. పీచుమిఠాయిని పీచుగా తలచియే తిందురు. శారదానదీ తీరమున అనకాపల్లి చుట్టుపట్టుల బెల్లము వండువాడు నేటికిని పెనము దింపుటకు ముందు అడుగునది యొక్కటే: పాకము వచ్చినదా? ఎంత కాగినదని యత డడుగడు.