ఎంపిక సరే, పూచీ ఎవరిది?

పింఛను యజమాని దయతో ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఇరవై ఒక్క ఏళ్లు నిండాయో లేదో, 2003 డిసెంబర్ 22న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ఆ హక్కు స్వరూపాన్నే మార్చివేసింది. 2004 జనవరి 1 నుంచి చేరే కేంద్ర ఉద్యోగులకు, సైనిక దళాలు మినహా, ఆఖరి జీతంతో ముడిపడిన పింఛను ఉండదు. మూలవేతనం, కరువు భత్యంలో ఉద్యోగి పది శాతం, ప్రభుత్వం అంతే మొత్తం జమచేసే నిధి ఉంటుంది. దాన్ని ఎవరు నిర్వహించాలో, ఏ పథకంలో పెట్టాలో ఉద్యోగే ఎంచుకోవచ్చని కూడా ఆ నోటిఫికేషన్ మాట ఇచ్చింది. ఆ మాట నెరవేరడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ ఎంపిక ఆలోచన ఎస్.ఏ. దవే సారథ్యంలోని ఒయాసిస్ కమిటీది. భద్రం, సమతూకం, వృద్ధి అనే మూడు రకాల పథకాలను 2000 జనవరి నివేదికలో అది సూచించింది. నిజానికి ఆ కమిటీ దృష్టి ప్రధానంగా పింఛను ఎరుగని అసంఘటిత రంగ శ్రామికులపైన ఉండేది. ఆచరణలో మాత్రం కొత్త విధానం మొదట తప్పనిసరైంది ప్రభుత్వ ఉద్యోగులకే.

2004లో కేంద్రంలో ప్రభుత్వం మారింది. వాజపేయి హయాంలో పుట్టిన పథకాన్ని మన్మోహన్ ప్రభుత్వం కొనసాగించింది. కానీ ఉద్యోగుల పొదుపు షేర్ మార్కెట్ పాలు కారాదని బయటి నుంచి మద్దతిస్తున్న వామపక్షాలు పట్టుబట్టడంతో, 2005లో ప్రవేశపెట్టిన నియంత్రణ సంస్థ బిల్లు ముందుకు సాగలేదు. 2008లో ఉద్యోగుల సొమ్ము మూడు ప్రభుత్వరంగ నిర్వాహకుల చేతికి వెళ్లింది. అందులో షేర్ల వాటా 15 శాతానికి మించరాదు. ఆ మరుసటి ఏడాది మే 1న పథకాన్ని పౌరులందరికీ తెరిచినప్పుడు మాత్రం, 50 శాతం వరకు షేర్లలో పెట్టే స్వేచ్ఛ ఇచ్చారు. ఇష్టపడి చేరినవారికి ఎంపిక దక్కింది; నిర్బంధంగా చేరినవారికి దక్కలేదు.

2013 సెప్టెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన చట్టం, మొత్తం సొమ్మును ప్రభుత్వ సెక్యూరిటీలలోనే ఉంచుకునే అవకాశాన్ని చందాదారుడికి ఇచ్చింది. కనీస రాబడికి హామీ ఉండే పథకాన్ని కూడా ప్రస్తావించింది. పదేళ్లు గడిచినా ఆ హామీ పథకం కాగితం దాటి రాలేదు. కేంద్ర ఉద్యోగులకు ఎంపిక 2019 ఏప్రిల్ 1న, లోక్‌సభ ఎన్నికల వేళ, ప్రభుత్వ వాటాను 14 శాతానికి పెంచడంతో పాటుగా వచ్చింది. యథాతథంగా కొనసాగడం, పూర్తిగా ప్రభుత్వ సెక్యూరిటీలు, వయసుతో పాటు షేర్ల వాటా తగ్గే రెండు పథకాలు వారి ముందుకొచ్చాయి. ఆ రెండింటిలో 35 ఏళ్ల వరకు షేర్ల వాటా గరిష్ఠంగా ఒకదానిలో 25, మరొకదానిలో 50 శాతం.

అయితే ఉద్యోగులు అడిగింది ఇది కాదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి సీపీఎస్ అమలైన ఆంధ్రప్రదేశ్‌లో, అధికారంలోకి వచ్చిన వారంలోనే దాన్ని రద్దుచేస్తానన్న జగన్ హామీ, 2023 నాటికి గ్యారంటీడ్ పెన్షన్ చట్టంగా రూపు మార్చుకుంది. అదే ఏడాది అక్టోబర్ 1న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో గుమికూడిన ఉద్యోగులు కోరింది మెరుగైన పెట్టుబడి పథకం కాదు, పాత పింఛను.

వారికి కేంద్రం ఇచ్చిన జవాబు 2025 ఏప్రిల్ 1న మొదలైన ఏకీకృత పింఛను పథకం. పాతికేళ్ల సర్వీసుకు, చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం ఇస్తామంటుంది. ఇందులోనూ పెట్టుబడి ఎంపిక ఉంది. కానీ ఉద్యోగి సొంతంగా ఎంచుకున్న మార్గంలో నిధి, ప్రభుత్వం నిర్దేశించిన ప్రమాణ నిధి కన్నా తగ్గితే, లోటు అతడే పూడ్చాలి. లేకుంటే పింఛనులో ఆ మేరకు కోత పడుతుంది. మించితే మిగులు అతడిదే. అంటే పూచీ ఉన్నది ప్రభుత్వం చూపిన దారికే.

ఈ షరతు అన్యాయమని చెప్పలేం. సొంత నిర్ణయపు నష్టాన్ని ఖజానా భరించాలనడం కష్టం. కానీ ఇరవై ఏళ్లుగా సంస్కరణ పేరిట చెబుతున్నది ఎంపిక గురించే తప్ప, నష్టభారం చేతులు మారిన సంగతి కాదు. పథకం ఎంచుకునే ఫారంపై సంతకం పెట్టే ముందు ఉద్యోగి చూడవలసినది షేర్ల శాతం ఒక్కటే కాదు. మార్కెట్ పడిన ఏడాదే తాను పదవీ విరమణ చేస్తే ఆ లోటు ఎవరి ఖాతాలో పడుతుందన్నది. ఆ ఫారం మీదే దీనికి జవాబు రాసి ఉండాలని పట్టుబట్టవలసిన బాధ్యత ఉద్యోగ సంఘాలది, పార్లమెంటుది.