వీణ పెట్టె

వీణ పెట్టె అనగా సరస్వతీ వీణను ఒక చోటి నుండి మరొక చోటికి భద్రంగా చేరవేయడానికి ఉపయోగించే పెట్టె. వీణ సుమారు నాలుగు అడుగుల పొడవైన వాద్యం కనుక ఒక్కరే మోయడం కష్టం. అందుచేత చక్రాలు గల పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. అయితే చక్రాలు మోసేవారి శ్రమను తగ్గించినా, నేలలోని ప్రతి కుదుపును వాద్యానికి చేరవేస్తాయి. ఈ కుదుపును అరికట్టడమే పెట్టె రూపకల్పనలోని ప్రధాన సమస్య.

వీణలోని సున్నిత భాగాలు

బొబ్బిలి వీణలను పనస కర్రతో తయారు చేస్తారు. కుండ, దండి, యాళి ముఖం ఒకే దుంగ నుండి చెక్కిన వీణను ఏకాండి వీణ అంటారు. దీనిలో దండి చీలితే ఆ భాగాన్ని మాత్రమే తీసి కొత్తది అమర్చే వీలు లేదు. దండిపై 24 మెట్లను మైనంలో నిలుపుతారు. ఎండలో ఉంచిన కారులో మైనం మెత్తబడి మెట్లు కదిలితే స్వరస్థానాలు తప్పుతాయి. మేళం మళ్ళీ కట్టించవలసి వస్తుంది.

నిర్మాణం

పెట్టె పైభాగాన్ని ఫైబర్‌గ్లాసు లేదా ప్లైవుడ్‌తో చేసి, లోపల స్పాంజి అమర్చుతారు. వాద్యం బరువు కుండ చుట్టూ, దండి అడుగున మాత్రమే ఆనాలి. మెట్లు, గుర్రం, బిరడలకు ఏదీ తగలకుండా ఖాళీ వదలాలి. విప్పదీయడానికి వీలైన చిన్న బుర్రకు వేరే అర ఉండాలి. పైన లేత రంగు వేస్తే లోపల వేడి తగ్గుతుంది.

చక్రాలు

వీణలో కుండ వైపు బరువు ఎక్కువ. కనుక చక్రాలను ఆ చివర, పిడిని యాళి వైపు అమర్చితే చేతిపై పడే భారం తక్కువగా ఉంటుంది. చిన్న, గట్టి చక్రం నేలలోని పగుళ్ళలో దిగబడి పెద్ద కుదుపునిస్తుంది. రబ్బరు తొడుగు గల పెద్ద చక్రం వాటిని సులభంగా దాటుతుంది. రెండు చక్రాల నడుమ ఎడం ఎక్కువగా ఉంటే పెట్టె పక్కకు ఒరగదు. గతుకుల దారిలో ఎత్తి పట్టుకోవడానికి ప్రక్కన కూడా పిడులు అవసరం.

విమాన ప్రయాణం

అమెరికాలో 2015లో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, పెట్టెతో సహా పొడవు, వెడల్పు, ఎత్తుల మొత్తం 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు (సుమారు 75 కిలోలు) మించని వాద్యాలను, విమానంలో చోటు ఉన్నంతవరకు, ఆ దేశపు విమాన సంస్థలు సామానుగా స్వీకరించాలి. అక్కడ వీణ నేర్చుకునే తెలుగువారికి ఈ కొలతలు ఉపయోగకరం. సామాను ఎక్కించి దించేటప్పుడు బయటకు పొడుచుకువచ్చిన చక్రాలు విరిగే ప్రమాదం ఉంది. కనుక అవి పెట్టె అంచులోకి ఒదిగి ఉండాలి, లేదా ఊడదీయడానికి వీలుగా ఉండాలి.

ఇవి కూడా చూడండి

వీణ
బొబ్బిలి వీణ