తాతగారి 92 ఏళ్ళు

మా తాతగారు 92 ఏళ్ళు బతికారు. 1957లో అణాలు పోయి నయాపైసలొచ్చినా, ఆ తర్వాత వీశెలూ సోలలూ పోయి కిలోలూ లీటర్లూ వచ్చినా ఇట్టే సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఒక్కటే, శారదా చట్టం నాటి సంగతి.

ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండందే పెళ్ళి కూడదని 1929లో చట్టమైంది. అమల్లోకి వచ్చేది మాత్రం 1930 ఏప్రిల్ 1న. ఇంకేముంది, ఈలోగానే కానిచ్చేద్దామని ఎక్కడ చూసినా బాజాలే! ఆ హడావిడిలో ఎనిమిదేళ్ళ మా పెద్దత్తయ్యకీ మూడు ముళ్ళు పడ్డాయి. ఏడాది తిరక్కుండానే ఆ అబ్బాయి విషజ్వరంతో పోయాడు. కాపరమంటే ఏమిటో తెలియని పిల్లకి బొట్టు చెరిపేశారు.

పంతులుగారు మంచి ముహూర్తమే పెట్టారట, చెప్పొద్దూ!

తాతగారు అత్తయ్యని బడికి పంపారు. చుట్టాలు వెలేసినంత పని చేశారు. ఆవిడ టీచరయింది. చిన్నత్తయ్యలిద్దరికీ 18 దాటాకే పెళ్ళిళ్ళు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కంటూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1986లో. అంతకు పాతికేళ్ళ ముందే పెద్దత్తయ్యకి పొలంలో భాగం రాసిచ్చేశారు తాతగారు.

చూపు మందగించాక రోజూ పేపరు చదివి వినిపించింది ఆవిడే. పెళ్ళి కబుర్లొస్తే మాత్రం పేజీ తిప్పేసేది. ఆయనా అడిగేవారు కాదు.