లేని టేపు ఉందన్న మనిషి

ఆ మంట దగ్గరికి కాస్త జరగండర్రా, కాళ్ళు వెచ్చబడతాయి. ఏ పాత షో కావాలన్నా మీరిప్పుడు ఫోన్లో వెతుక్కుని చూసేస్తున్నారు. మేం ఈ అమెరికా వచ్చిన కొత్తలో అట్లా కాదు. పగటిపూట టీవీలో ఒక ఆట వచ్చిందంటే, అది చూసినవాళ్ళు చూసినట్టు, చూడనివాళ్ళకి ఇక దొరకనట్టు.

స్టూడియోల్లో అప్పుడు వాడింది రెండంగుళాల వెడల్పు టేపు. 1950ల్లో అది వచ్చిన కొత్తలో గంట నిడివి రీలు 300 డాలర్ల దాకా పలికేది. అంత ఖరీదైన రీలుని ఒక క్విజ్ కోసం బీరువాలో పెట్టడం ఎందుకని, ప్రసారం అవగానే చెరిపేసి దానిమీదే ఇంకో కార్యక్రమం ఎక్కించేవాళ్ళు. ఆర్ట్ ఫ్లెమింగ్ నడిపిన జెపర్డీ అనే క్విజ్ ఎన్‌బీసీ చానల్లో 1964 మార్చిలో మొదలై 1975 జనవరి దాకా పగటిపూట 2,753 ఎపిసోడ్లు వచ్చింది. వాటిలో మిగిలినవి చాలా కొద్ది. పదకొండేళ్ళ ఆటని అట్లా తుడిచిపెట్టారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

అట్లా పోయినవాటి కోసం వెతికేవాళ్ళం ఊరికొకరం ఉండేవాళ్ళం. ఎవరి దగ్గరున్న టేపుల జాబితా వాళ్ళు టైపు కొట్టి పోస్టులో పంపుకోవడం, నచ్చినవి కాపీ చేసి మార్చుకోవడం. మార్చుకోడానికి ఏమీ లేని కొత్తవాడు రెండు ఖాళీ టేపులు పంపితే, ఒకటి ఉంచుకుని రెండోదానిమీద కాపీ తీసి ఇచ్చేవాళ్ళు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. నాలుగో చేతికి వచ్చేసరికి మొహాలు మసక, మాటల వెనక బుస్సుమని రొద. అందుకే "నాది అసలు దానినుంచి తీసిన మొదటి కాపీ" అన్నవాడికి మాలో పెద్దపీట వేసేవాళ్ళం. అబద్ధాలన్నీ ఆ పెద్దపీట కోసమే పుట్టాయి. డబ్బుకి ఆశపడ్డవాళ్ళూ ఉన్నారు గానీ, పేరుకి ఆశపడ్డవాళ్ళే ఎక్కువ.

1994 డిసెంబరులో గేమ్ షో నెట్‌వర్క్ అనే చానల్ మొదలైంది, మిగిలిన పాత ఆటలు మళ్ళీ వేశారు. కొందరు వాటిని రికార్డు చేసుకుని, "మా మామయ్య ఆ రోజుల్లోనే ఇంట్లో టేపు చేశాడు" అని అంటగట్టేవాళ్ళు. ఆ రోజుల నాటి సబ్బుల ప్రకటనలు, కార్ల ప్రకటనలు మధ్యలో ఉన్నాయా అని చూస్తే చాలు, గుట్టు తెలిసిపోయేది.

ఒకాయన ఉండేవాడు, పేరెందుకులే. 1971 నాటి జెపర్డీ బోలెడు తన దగ్గరుందనీ, అప్పట్లోనే ఇంట్లో బీటామాక్స్ వీడియో రికార్డరు మీద ఎక్కించాననీ జాబితాలో వేసుకున్నాడు. బీటామాక్స్ ఈ దేశంలోకి వచ్చింది 1975 చివర్లో! ఆట ఆగిపోయి అప్పటికే నెలలు దాటింది. ఆ మాట ఎవరో అడిగితే మాట మార్చి, స్టేషన్లో పనిచేసే స్నేహితుడు ఇచ్చాడన్నాడు. అడగ్గా అడగ్గా చివరికి ఒక టేపు పంపాడు. నలుగురం కూర్చుని చూశాం. ఫ్లెమింగే, అనుమానం లేదు. మొదటి రౌండు అయిపోగానే తక్కువ డాలర్లున్న మనిషిని ఆటలోంచి పంపించేశారు. పాత ఆటలో అట్లా లేదు, ముగ్గురూ రెండో రౌండు కూడా ఆడేవాళ్ళు. ఆ నియమం 1978 అక్టోబరులో ఆటని తిరిగి మొదలుపెట్టినప్పుడు తెచ్చింది, కొన్ని నెలలకే 1979లో అదీ ఆగిపోయింది. నిజానికి ఆ 1978 టేపు కూడా అరుదైనదే. ఉన్నదున్నట్టు చెప్పి పంపితే నెత్తిన పెట్టుకునేవాళ్ళం కదరా!

దొంగ టేపు పంపినవాడి కంటే, అసలేమీ పంపకుండా "ఉంది, ఉంది" అని ఊరించినవాడే పెద్ద పాపం చేశాడంటాను నేను. ఎందుకంటే ఉందని తెలిస్తే మిగతావాళ్ళు వెతకడం మానేస్తారు. ఈలోగా ఎవరి అటకమీదో ఉన్న అసలైన పెట్టె చెత్తబండి ఎక్కుతుంది.

ఒహాయోలో ఒకావిడ, వాళ్ళ నాన్న ఆ పాత జెపర్డీ ఆడాడు. ఆయన పోయాక ఆ ఎపిసోడ్ కోసం తిరుగుతుంటే, నేను చెప్పిన ఈ పెద్దమనిషే "ఆ వారం మొత్తం నా దగ్గరుంది" అన్నాడు. పాపం, తన దగ్గరున్న మంచి మంచి టేపులన్నీ ఆయనకి కాపీలు తీసి పంపింది. ఒకసారి మెషీన్ చెడిందంటాడు, ఇంకోసారి ఇచ్చినవాడు బయట పెట్టొద్దన్నాడంటాడు. ఏళ్ళు గడిచాయి. బొమ్మే వస్తుందన్న ధీమాతో ఆవిడ పుట్టింటి సామాను సరిగ్గా వెతకలేదు. తల్లి ఇల్లు అమ్మినప్పుడు చాలా పెట్టెలు పారేశారు. మిగిలినవాటిలో ఒక చిన్న ఆడియో రీలు దొరికింది. నాన్న ఆట వచ్చిన రోజు తల్లి టీవీ ముందు మైకు పెట్టి రికార్డు చేసిందట. వ్యాఖ్యాత డాన్ పార్డో గొంతు, ఆ తర్వాత వాళ్ళ నాన్న జవాబులు. బొమ్మ లేకపోతేనేం, నాన్న గొంతేగా! అడిగినవాళ్ళందరికీ క్యాసెట్లు చేసి పంపింది, ఖాళీ టేపు కూడా పుచ్చుకోలేదు.

అసలైనవి బయటపడితే ఎట్లా పడతాయో తెలుసా? హాలీవుడ్ స్క్వేర్స్ అని పీటర్ మార్షల్ ఆట ఉంది, 1966 నుంచి 1981 దాకా నడిచింది. అదీ పోయిందనే అనుకున్నాం. వేల ఎపిసోడ్లు భద్రంగా ఉన్నాయని తేలి, 2002లో గేమ్ షో నెట్‌వర్క్‌లో వేశారు. ఊరూవాడా కూర్చుని చూసింది.

ఒహాయో ఆవిడ తర్వాత మా గుంపులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ముందు ఒక్క నిమిషం టేపు చూపించాలి, ఆ తర్వాతే మార్పిడి. ఆ పెద్దమనిషి దానికి ఒప్పుకోలేదు. ఆవిడ నాన్న ఎపిసోడ్ మాత్రం ఆయన జాబితాలోంచి తియ్యలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి ఆయనకి ఖాళీ టేపులు పంపుతూనే ఉన్నారు.