ఎలక్ట్రిక్ మాండలిన్

బోలు పొట్టకు బదులు గట్టి చెక్క, తీగల కింద పికప్ ఉండే చిన్న తీగవాద్యం. కర్ణాటక కచేరీలో దీనికి చోటు సంపాదించినవారు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014). గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడితే కుర్రవాడు తీగ మీద పట్టుకునేవాడు.

మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. జంటను లాగితే రెండూ సమంగా కదలవు, గమకం చెదురుతుంది. మీటిన నాదం కూడా ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పికప్, ఉక్కు తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచితే, ఒక్క మీటుకే వేలు రెండు మూడు స్వరాలు జారి రావచ్చు.

రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1980లలోనే గిటార్‌తో సింథసైజర్‌ను నడిపారు. అందుకు వాడే మిడి (స్వరాన్ని సింథసైజర్‌కు సంకేతాలుగా పంపే పద్ధతి) పికప్ ఒక్కో తీగను విడిగా వింటుంది. గిటార్ మంద్ర తీగ (82 హెర్ట్జ్) ఒక్క ఊపుకే 12 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అది విన్నాకే స్వరం తేలుతుంది, అందుకే సింథ్ స్వరం కాస్త వెనకబడుతుంది. మాండలిన్‌తోనూ ఇలా చేయాలంటే తీగకొక ఛానెల్ ఇవ్వాలి. పిచ్ బెండ్ (స్వరాన్ని జార్చే) పరిధి పికప్ యూనిట్‌లోనూ సింథ్‌లోనూ ఒకటే ఉండాలి. తేడా వస్తే కాంభోజి రాగం కాస్తా అపస్వరాల పాలు.

గోదావరి డెల్టాలో ఈ వాద్యానికి అసలు శత్రువు తేమ. వాయించగానే తీగల్ని, పికప్ పైభాగాన్ని పొడిబట్టతో తుడవాలి. వాల్యూమ్ నాబ్ గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి పదిసార్లు తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది.