డీహెచ్‌సీపీ క్లయింటు లోపం: సవరణల చరిత్ర

నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి యంత్రానికీ ఐపీ చిరునామా దానంతటదే అందేలా చూసే పద్ధతి డీహెచ్‌సీపీ. జిల్లా కలెక్టరేట్ వంటి పెద్ద కార్యాలయాల్లో ఒక్కో కంప్యూటర్‌కూ చిరునామాను చేత్తో నమోదు చేయడం అయ్యే పని కాదు. ఇంట్లోని వైఫై రూటర్ కూడా ఇలాగే చిరునామాలు పంచుతుంది. 1985 నాటి బూట్‌పీ అనే పద్ధతిని విస్తరించి రాల్ఫ్ డ్రోమ్స్ 1993లో దీని నిర్దేశాన్ని ప్రచురించారు. 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2131గా దానికి స్థిరరూపం వచ్చింది.

చిరునామా కావాలని కంప్యూటర్ నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. సర్వర్ ఒకటి చూపుతుంది, కంప్యూటర్ సరేనంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. గేట్‌వే, డీఎన్‌ఎస్, కంప్యూటర్ పేరు వంటి వివరాలూ వెంట వస్తాయి. జవాబిచ్చింది అసలు సర్వరేనా అని తేల్చుకునే ఏర్పాటు మామూలు వాడకంలో లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

లినక్స్‌లో చాలాకాలం వాడుకలో ఉన్న క్లయింటు ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం (ఐఎస్‌సీ) వారి డీహెచ్‌క్లయింట్. సర్వర్ పంపిన వివరాలను అది ఒక షెల్ స్క్రిప్టుకు అందిస్తుంది. ఆ స్క్రిప్టు నడిచేది రూట్ అధికారంతో, అంటే యంత్రంపై పూర్తి అధికారంతో. 2011 ఏప్రిల్‌లో సూసే భద్రతా బృందం ఒక లోపాన్ని బయటపెట్టింది: కంప్యూటర్ పేరు ఉండాల్సిన చోట షెల్‌కు ప్రత్యేకార్థమున్న గుర్తులు వచ్చినా క్లయింటు వాటిని వడకట్టడం లేదు. నకిలీ సర్వర్ పెట్టినవాడు పేరు మాటున ఆజ్ఞలు పంపి నడిపించగలడు. సవరించిన క్లయింటు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత వంటివి తప్ప మిగతా గుర్తులున్న పేర్లను తిరస్కరించింది. సరైన సవరణే, కానీ అది కొన్ని వివరాలకే కాపలా.

2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. ఈసారి తప్పు బ్యాష్ షెల్‌ది: పర్యావరణ చరరాశిలో దాచిన ఆజ్ఞలను అది నడిపించేది. డీహెచ్‌క్లయింట్ సర్వర్ వివరాలను ఆ చరరాశుల్లోనే పెడుతుంది కనుక దాడికి దారి దొరికింది. బ్యాష్‌కు ఇచ్చిన మొదటి సవరణ అసంపూర్ణమని తేలి, వెంటనే మరికొన్ని ఇవ్వాల్సి వచ్చింది.

2018 మేలో గూగుల్‌కు చెందిన ఫెలిక్స్ విల్‌హెల్మ్ రెడ్ హ్యాట్ లినక్స్‌లో మూడో లోపాన్ని కనుగొన్నారు. నెట్‌వర్క్ అనుసంధానాలను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌కు జోడించిన స్క్రిప్టులో ‘రీడ్’ ఆజ్ఞ వెనుగీతను (బ్యాక్‌స్లాష్) మింగేయడంతో, దాడిచేసేవాడి మాట కొటేషన్ గుర్తులు దాటి ఆజ్ఞగా మారేది. ‘ఆర్’ అనే ఒక్క ఐచ్ఛికం చేర్చగానే దారి మూసుకుపోయింది.

ఏడేళ్లలో ఒకే దారిన మూడుసార్లు దాడికి వీలు చిక్కింది. ప్రతిసారీ ఆ ఒక్క కంతే పూడ్చారు. బయటి మాటను రూట్ షెల్ దాకా చేర్చే కట్టడమే అసలు దోషం. 2019లో నెట్‌వర్క్ మేనేజర్ 1.20 తన సొంత అంతర్గత క్లయింటునే డిఫాల్ట్‌గా తీసుకుంది. ఐఎస్‌సీ 2022లో తన పాత డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్ నిర్వహణను ముగించింది. దాని స్థానంలో సూచించిన కియాలో సర్వర్ ఉంది, క్లయింటు లేదు.