అంపశయ్యపై యువకుడు: తెలుగు నవలలో స్నేహం, వియోగం, వార్ధక్యం

మనసులో తర్కక్రమానికి లొంగకుండా ఒకదాని వెంట ఒకటిగా సాగే ఆలోచనలను, జ్ఞాపకాలను, భయాలను అదే వరుసలో కథనంగా మలిచే పద్ధతికి తెలుగు విమర్శకులు పెట్టుకున్న పేరు చైతన్యస్రవంతి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఐరోపాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి, దానితో పాటు వచ్చిన మనోవిశ్లేషణ దృష్టి, 1940ల నుంచి తెలుగు నవలలో స్నేహాన్నీ, ఆత్మీయుల మరణాన్నీ చిత్రించే తీరును మార్చాయి గాని, వార్ధక్యాన్ని మాత్రం చాలాకాలం తాకలేదు. ఈ ఆలస్యానికి మూలాలు కొంత నవలాకారుల జీవితాల్లోనూ, కొంత నవలకు ఆధారమైన సమాజంలోనూ ఉన్నాయి. తెలంగాణలోని బాన్సువాడ వంటి పట్టణపు గతంతో పోల్చి చూస్తే ఆ లోటు ఎంతటిదో తెలుస్తుంది.

మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట బాన్సువాడ ప్రాంతాన్ని వరి పండే మాగాణిగా మార్చింది. కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వేసుకున్న నివాసాలు ఆ ఆయకట్టులో నేటికీ ‘క్యాంపు’లుగానే పిలువబడుతున్నాయి. ఆనకట్ట పూర్తయిన ఏడాది ఇక్కడ పుట్టి దీర్ఘాయువు పొందిన మనిషి, ఊరి పొలిమేర దాటకుండానే, 1948 సెప్టెంబరు వరకు నిజాం ప్రజగా, తరువాత హైదరాబాదు రాష్ట్ర పౌరుడిగా, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ వాసిగా, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వాసిగా జీవించి, 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాలోకి మారి ఉంటాడు. ఇలాంటి నేల మీద ముసలితనమంటే శరీరం ఉడిగిపోవడం ఒక్కటే కాదు, తాను ఎరిగిన లోకాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోగా వాటికి సాక్షిగా మిగలడం కూడా.

ఇదే పాత నిజామాబాదు జిల్లా తెలుగు సాహిత్యంలోని ఒక గొప్ప స్నేహానికి నెలవైంది. నిజాం వ్యతిరేక పోరాటకాలంలో నిజామాబాదు కోటలోని జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి బందీలుగా ఉన్నారు. కాగితం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడలపై పద్యాలు రాశాడు. 1949లో వెలువడిన తన ‘అగ్నిధార’ను ఆయన ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. ఒకప్పుడు కృతిభర్తగా, అంటే కావ్యాన్ని అంకితం పొందేవాడిగా, రాజో జమీందారో కూర్చున్న పీఠం మీద చెరసాల మిత్రుడిని కూర్చోబెట్టడం స్నేహం విలువలో వచ్చిన మార్పుకు గుర్తు. అయితే ఆ స్నేహం ఉద్యమానిది, బహిరంగమైనది. ‘ప్రజల మనిషి’ నవలతో తెలంగాణ పల్లెను చిత్రించిన ఆళ్వారుస్వామి 1961లో, యాభై ఏళ్లు నిండకముందే, ‘గంగు’ను అసంపూర్ణంగా వదిలి మరణించాడు, సహచరుల మధ్య అల్లుకున్న ఆ కథనరీతికి కూడా వృద్ధాప్యం దాకా నడిచే వ్యవధి దక్కలేదు.

కోస్తాలో అదే కాలపు నవల జనసమూహాన్ని విడిచి ఒంటరి మనసులోకి దిగింది. త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుకు వంశప్రతిష్ఠ నిలపమన్న మాట మోయలేని బరువవుతుంది, ఆస్తిని పంచి కూర్చున్నవాడికి బంధుమిత్రులు దూరమవుతారు, లోకం మీది కసి చివరకు తన మీదికే తిరుగుతుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో వైద్యుడైన దయానిధికి తల్లి మరణం ఒక సంఘటనగా ముగిసిపోదు, ఆమె గురించి లోకం అనుకున్న మాటలు నీడలా వెంటాడి, అతని ప్రతి ప్రేమనూ, ప్రతి చెలిమినీ అనుమానపు రంగులో ముంచుతాయి. ఇద్దరు నాయకులూ యౌవనంలోనే అలసిపోయినవాళ్లు. వాళ్లను సృష్టించిన గోపీచంద్ 1962లో 52 ఏళ్ల వయసులో, బుచ్చిబాబు 1967లో 51 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వియోగాన్ని అంత లోతుగా రాసిన తరానికి వార్ధక్యం స్వానుభవంగా అందనేలేదు.

ఈ ధార తెలంగాణకు చేరింది 1969లో వచ్చిన ‘అంపశయ్య’తో. ఇప్పటి జనగామ జిల్లా వావిలాలలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య, నవీన్ అనే కలం పేరుతో, ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలోని 16 గంటలను ఇందులో చిత్రించాడు. ఆ పుస్తకమే తరువాత రచయిత ఇంటిపేరై నిలిచింది. పల్లె నుంచి వచ్చిన పేద యువకుడికి హాస్టల్ మిత్రులే లోకం. ఆ స్నేహంలో ఆప్యాయతతో పాటు పోలిక, అసూయ, చేతిలో డబ్బు లేనితనపు సిగ్గు కలగలిసి ఉంటాయి.

శీర్షిక ఎంపికలోనే ఈ నవల అసలు సాహసం ఉంది. మహాభారతంలో అంపశయ్య కురువృద్ధుడైన భీష్ముడిది. బాణాల పడకపై ఉత్తరాయణం కోసం వేచి ఉన్న ఆయన చుట్టూ పాండవులు చేరతారు, ధర్మరాజు అడుగుతాడు, తాత చెబుతాడు. వార్ధక్యం, మరణం, తరాల మధ్య మాట, మూడూ కలిసిన చోటు అది. నవీన్ ఆ పడకను ఇరవైల వయసు కుర్రవాడికిచ్చాడు. అతనికి ఉత్తరాయణం లేదు, అడిగే మనుమలు లేరు. బాణాలు మాత్రమే ఉన్నాయి.

ఒక్క రోజులో నవలను ఇమిడ్చే ఈ రూపానికి జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ (1922), వర్జీనియా వూల్ఫ్ ‘మిసెస్ డాలవే’ (1925) పూర్వరూపాలు. వూల్ఫ్ నాయిక క్లారిసా వయసు యాభై దాటింది. పాత మిత్రులు పీటర్, శాలీ ఆ సాయంత్రపు విందుకు వచ్చినప్పుడు ఒక్క రోజులో మూడు దశాబ్దాలు తెరుచుకుంటాయి, స్నేహం వయసును కొలిచే సాధనమవుతుంది. రవి రోజులోనూ గతం ఉంది గాని అది బాల్యం వరకే. ముప్పై ఏళ్ల తరువాత ఎదురుపడే మిత్రుడు అతనికి ఇంకా పుట్టలేదు. రూపం ఒకటే, అందులో నిండిన కాలం వేరు.

ఆ కాలాన్ని సమకూర్చుకోవడానికి నవీన్ వేరే దారి పట్టాడు. ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ అనే నవలాత్రయంలో ఆయన 1940ల నుంచి సుమారు అర్ధశతాబ్దపు తెలంగాణ జీవితాన్ని వరుసగా చెప్పుకొచ్చాడు. ‘కాలరేఖలు’కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పాతికేళ్ల వయసు రచయిత 16 గంటలకు వెచ్చించిన శ్రద్ధను యాభై దాటిన రచయిత యాభై ఏళ్లకు వెచ్చించాడు. తెలుగులో వార్ధక్యం ఈ విధంగా చైతన్యస్రవంతి గుండా కాక, చరిత్ర గుండా నవలలోకి వచ్చింది.

నిజాంసాగర్ కాలువ గట్టున పెరిగి, నాలుగు పాలనలు చూసి, తోటివాళ్లను ఒక్కొక్కరిగా సాగనంపిన బాన్సువాడ వృద్ధుడికి ఈ రెండు పద్ధతులూ విడివిడిగా చాలవు. అతని ఆయుష్షును నవలాత్రయం తేదీల వారీగా చెప్పగలదు, అతని ఒక్క రాత్రి నిద్రలేమిని చైతన్యస్రవంతి చెప్పగలదు. ఆ ఒక్క రాత్రిలోనే ఆ ఆయుష్షంతా పట్టే రచన వచ్చిననాడు అంపశయ్య తిరిగి తాతకు దక్కుతుంది.